వీపుకు మన్ను

కుప్పం
12-8-2001

ప్రకాషన్నకు మునిరాజు రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. గ్రానైటు బండలు నాకంటే బాగున్నాయి. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా వాటిని అద్దం మాదిరి నున్నగా చెయ్యడం, ఆ అద్దంలో నా మొహం చూసుకుని మండిపడడం, ఇదే నా పని. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఎస్టీడీ బూతులో గొంతు పెంచితే బూతాయన తలుపు తడతాడు. కాగితం తట్టదు. అందుకని రాస్తున్నాను.

మొన్న ఆదివారం చిన్నస్వామి టీ అంగట్లో కేబుల్ టీవీలో ముగ్గురి కుస్తీ వేశారు. ఇద్దరిది కాదు, ముగ్గురిది. ఒక బెల్టు, ముగ్గురు మనుషులు. ఎవడు ఎవణ్ణి నేలకు అదిమిపెట్టినా ఆట ముగిసినట్టే, అదిమినవాడిదే బెల్టు. బెల్టు ఉన్నవాడు తాళ్ళ అవతల కూర్చుని ఒగరుస్తున్నాడు. లోపల రెండోవాడు మూడోవాణ్ణి పడేసి మీద పడుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. బెల్టు పోయింది. ఎవడిది? అసలు పడనివాడిది.

అంగట్లో గోల. "ఇదేం న్యాయమప్పా, పడింది ఒకడు, పొయ్యింది ఇంకొకడిది!" అని ఒకడు. చిన్నస్వామి టీ వడగడుతూ, "మా ఇంట్లో భాగాలు గూడా ఇట్లనే పంచినారు లేప్పా. కొట్టుకునింది మా అన్నోళ్ళు, పొయ్యింది నా చేను" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను ఆ పడినవాణ్ణి చూస్తున్నాను. గెలిచినవాడు బెల్టు ఎత్తి చూపిస్తున్నాడు, ఓడినవాడు తల పట్టుకుని ఏడుస్తున్నాడు. పడినవాడి గురించి ఎవడికీ ఏమీ లేదు. గెలుపూ వాడిది కాదు, ఓటమీ వాడిది కాదు. వాడొక మెట్టు. తొక్కారు, ఎక్కారు.

ఇది చూసిన మూడోరోజే, మన ఆటలు పెట్టించే సుదర్శన్ మనిషి వచ్చి చెప్పిపోయాడు. డిసెంబరులో పుంగనూరులో మన ముగ్గురికీ కలిపి ఒకే ఆటంట. 'మూడూళ్ళ బెల్టు' అని పోస్టర్లు కూడా వేయిస్తున్నాడంట. పుంగనూరు పొట్టెద్దు, మదనపల్లె మెరుపు, కుప్పం కర్రిబండ. పొట్టెద్దు వస్తాదు, మెరుపు నువ్వు, కర్రిబండ నేనే. ఆ పేరు పెట్టినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. కేబుల్ ఓనర్ కదా, టీవీలో ఏది చూస్తే అది మన చేత ఆడిస్తాడు.

బెల్టు మన వస్తాదుది. రెడ్డెప్ప వస్తాదు దాన్ని ఎవరికి ఇస్తున్నాడో, ఎవరి వీపు మీదుగా ఇస్తున్నాడో నీకు తెలిసే ఉంటుంది, మీ ఊరి సుదర్శనే కదా. మన ఆట ముందే మాట్లాడుకున్న ఆట, చిన్నపిల్లోడికి కూడా తెలుసు. అయినా రాయి. నాకు తెలిసిపోయింది, అయినా నీ చేత్తో రాయి.

మునిరాజు


మదనపల్లె
26-8-2001

తమ్ముడు మునిరాజుకు, ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం లాండ్రీలో దుప్పట్లు ఆరేస్తూ చదివాను. ఆసుపత్రి దుప్పట్లు ఎన్ని ఉతికినా తరగవు, నీ కోపం మాదిరి. నర్సమ్మ క్యాథరిన్ నా మొహం చూసి, "ఏం ప్రకాషూ, ఎవురన్నా పొయ్యినారా?" అని అడిగింది. "లేదమ్మా, ఒకడు చానా బతికుండాడు" అన్నాను.

నువ్వు అడిగావు కాబట్టి దాచను. నువ్వు అనుకున్నట్టే. ఆట చివర్లో వస్తాదు తాళ్ళ అవతలికి జారి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. లోపల నేను నిన్ను ఎత్తి వేస్తాను. లెక్క ముగుస్తుంది. బెల్టు నాకు వస్తుంది. వస్తాదు వీపు నేలకు తగలదు.

ఇది సుదర్శన్ ఆలోచన కాదు. వస్తాదే అడిగాడు. ఆయనకు యాభై దాటింది, ఆవుల పని, పాల పని, సాయంత్రం గరిడీలో పిల్లలకు కుస్తీ నేర్పే పని. ఇంక ఊరూరా తిరిగి ఆడలేను, బెల్టు దించుకుంటాను అన్నాడు. కానీ దించుకునేదెట్లా? పడాలి కదా. సుదర్శన్ ఈ ముగ్గురి ఆట క్యాసెట్టు వేసి చూపించాడు. వస్తాదు రెండుసార్లు చూసి, "ఇది బాగుండాది. పడకుండా పొయ్యేదానికి దోవ ఉండాది" అన్నాడంట.

పుంగనూరు గరిడీ కట్టుబాటు నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. శిష్యుడి చేతిలో వీపు నేలకు తగిలితే వస్తాదు ఆ సాయంత్రమే గరిడీ తాళం వదిలెయ్యాలి. గరిడీ నడిచే ఆ కొట్టం బియ్యం మిల్లు శ్రీరాములుది. వాడుకోమని ఆయన తండ్రి మాటిచ్చింది 'పడని వస్తాదు'కు. శ్రీరాములు దాన్ని గోడౌను చేసుకోవాలని ఎప్పటినుంచో చూస్తున్నాడు. "మీది ఉత్త నాటకం గదా" అంటే వస్తాదు ఒప్పుకోడు. ఆయన మాట నీకూ తెలుసు: ఆటలో పడినా వీపు వీపే.

ఒక్క సాయంత్రం పడు తమ్ముడూ. నీకు పడడం అలవాటే, నీ మాదిరి పడేవాడు ఈ జిల్లాలోనే లేడు. ఇది పొగడ్త అనుకో.

మీ
ప్రకాష్ బాబు


కుప్పం
9-9-2001

శ్రీ ప్రకాష్ బాబు గారికి,

పొగడ్త అందింది. పెట్టెలో దాచిపెట్టాను.

ఆటలో పడినా వీపు వీపే. ఈ మాట నేను బండ మీద నీళ్ళు పోస్తూ వారం రోజులు నమిలాను. సరే, వీపు వీపే. మరి నాది? రాయచోటిలో పడింది, పీలేరులో పడింది, మీ మదనపల్లెలో టమోటా మండీ వెనక, పరిచిన గడ్డి మీద రెండుసార్లు పడింది. జనం చెప్పులు విసిరారు. "లెయ్‌రా అరవోడా" అని కేకలు వేశారు. నేను తెలుగోణ్ణని చెప్పడానికి కూడా నాకు వీల్లేదు, చెడ్డవాడు మాట్లాడకూడదన్నాడు సుదర్శన్. అప్పుడు ఎవరూ వీపు గురించి మాట్లాడలేదు. ఆయనది వీపు, నాది గోనెపట్టానా?

నేను పుంగనూరు క్వారీలో రాళ్ళు కొట్టే రోజుల నుంచి ఆ గరిడీకి పోతున్నాను. మన్ను తవ్వింది నేను. ఆ మన్నులో నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు కలిపి తొక్కింది నేను. ఆయన నేర్పిన మొదటి పాఠం నాకు ఇప్పటికీ చేతిలో ఉంది: అవతలివాడు నీ మణికట్టు రెండుసార్లు నొక్కి 'ఊ' అంటేనే ఎత్తాలి, నొక్కకుండా ఎత్తేవాడు కసాయివాడు. అన్నీ నేర్పాడు. ఒక్కటి చెయ్యలేదు. నా వీపుకు మన్ను పెట్టలేదు.

శిష్యుడని ఒప్పుకున్నవాడి రెండు రెక్కల మధ్య గుప్పెడు గరిడీ మన్ను అదిమి, 'ఈ వీపు నాది' అంటాడు కదా. ఎంతమందికి అనలేదు? మిల్లు కూలీల పిల్లలకు అన్నాడు, బస్సు కండక్టరు తమ్ముడికి అన్నాడు. ప్రతిసారీ నేను తడి మన్ను గంప మోసుకొచ్చి పక్కన నిలబడ్డాను. నేను రాళ్ళు కొట్టేవాళ్ళ కొడుకుననా? అడగలేదు. అడిగి పెట్టించుకునేది మన్ను కాదు, ముష్టి.

ఇప్పుడు నా లెక్క విను. నేను చదివింది ఏడో తరగతే, కానీ లెక్క వస్తుంది. శిష్యుడి చేతిలో పడితేనే తాళం పోతుంది. బయటివాడి చేతిలో పడితే అది ఉత్త కుస్తీ, వస్తాదు మర్నాడు లేచి ఆవులకు గడ్డి వేసుకోవచ్చు. నేను శిష్యుణ్ణి కాదు, మన్ను లేదు. కాబట్టి నేను ఆయన్ని పడేస్తే ఏ కట్టుబాటూ చెడదు. శ్రీరాములు నోరు తెరవడానికి లేదు. మరి ఆయన ఎందుకు భయపడుతున్నాడు? నేను పడేస్తే తాళం పోతుందని ఆయనకు అనిపిస్తుందంటే, ఆయన లోపల నేను శిష్యుణ్ణే. లోపల ఒకటి, బయట ఒకటి.

రెండిట్లో ఏదో చెప్పమను. కాదంటే డిసెంబరులో నేనే ఎత్తి వేస్తాను. ఆయన నొక్కినా ఎత్తుతాను, నొక్కకపోయినా ఎత్తుతాను. బెల్టు కోసం కాదు. ఒక్కసారి నా వీపు నేలకు తగలకుండా ఇంటికి పోవాలి.

కె. మునిరాజు


మదనపల్లె
20-9-2001

మునిరాజూ,

'గారు' అని రాశావు. ఇన్నేళ్ళలో మొదటిసారి. మా అమ్మ సువర్ణమ్మకు చూపిస్తే, "ఆ పిల్లోడికి నీ మీద యాల అంత కోపం వచ్చిండాది?" అంది.

నీ లెక్క తప్పని అనను. కానీ పుంగనూరులో లెక్క వేసేది నువ్వు కాదు, శ్రీరాములు. మునిరాజుకు మన్ను లేదు కాబట్టి చెల్లదు అని నువ్వు జనంలో నిలబడి వాదిస్తావా? ఐదేళ్ళు నువ్వు అక్కడ మన్ను తొక్కావు. ఊరంతా నిన్ను వస్తాదు పిల్లోడనే అంటుంది. మన్ను పెట్టాడా లేదా అని ఎవరు చూస్తారు? పడ్డాడు, అంతే. తాళం పోతుంది. గరిడీలో నేర్చుకునే ఆ పాతిక మంది పిల్లలు మళ్ళీ రోడ్డు మీద.

నొక్కకుండా ఎత్తుతానన్నావు. కోపంలో రాశావని అనుకుంటున్నాను. ఆయన మెడ యాభై ఏళ్ళ మెడ. సిద్ధంగా లేనివాణ్ణి వేస్తే ఏమవుతుందో రోజూ ఇక్కడ స్ట్రెచర్ల మీద చూస్తున్నాను.

నా సంగతి అడగలేదు కాబట్టి చెప్పను. అన్నీ కాగితం మీద చెప్పలేం.

ప్రకాష్


కుప్పం
30-9-2001

అన్నా,

ఒక్కటే ప్రశ్న. 'నా సంగతి చెప్పను' అని ఎందుకు రాశావు? నేను అడగని దానికి ఎందుకు తప్పుకున్నావు?

మళ్ళీ లెక్క వేశాను. ముగ్గురం ఉన్నాం. వస్తాదు పడకూడదు, సరే. మరి నువ్వు నా చేతిలో పడొచ్చు కదా? అప్పుడూ వస్తాదు వీపు నేలకు తగలదు, బెల్టూ దిగిపోతుంది. ఆ దోవ ఎవరూ తలవలేదు. నువ్వూ తలవలేదు. మూడు వీపుల్లో ఒక్కటే నేలకు తగలొచ్చు అని ఎక్కడో నిర్ణయమైపోయింది.

నీకు మన్ను పెట్టాడా, లేదా?

మునిరాజు


మదనపల్లె
14-10-2001

తమ్ముడూ,

పెట్టాడు. పోయిన ఉగాది తర్వాతి శనివారం. నువ్వు అప్పటికే కుప్పం పోయావు. నేను అడగలేదు, ఆయనే పిలిచాడు. నేను యేసయ్య బిడ్డనని ఆయన ఆగలేదు, నేనూ ఆగలేదు. మర్నాడు ఆ మన్నుతోనే గుడికి పోతే అమ్మ, "వొళ్ళు కడుక్కోకుండా ఆరాధనకు వస్తావంట్రా" అని మెట్ల మీదే నిలదీసింది. కడగబుద్ధి కాలేదు మరి. చొక్కా లోపల ఆ మన్ను గరగరమంటుంటే ఎంత గర్వంగా ఉండిందో నీకు చెప్పాలనుకున్నాను. ఇన్‌లాండ్ కవరు కొన్నాను. మొదటి లైను రాసి ఆగిపోయాను. నీకు లేనిది నాకు వచ్చిందని నీకెలా రాయను?

నీ లెక్క తీసుకుని పోయిన శనివారం పుంగనూరు పోయాను. వస్తాదు పాలు పితుకుతున్నాడు. నువ్వు రాసిందంతా చెప్పాను, 'లోపల ఒకటి, బయట ఒకటి' అన్నది కూడా. ఆయన చెంబు నిండేదాకా పితికి పక్కన పెట్టాడు. ఆ తర్వాత అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"వాడు చెప్పింది నిజమే. వాడు నా దగ్గరికి వచ్చినపుడు వాళ్ళ నాయనకు ఊపిరితిత్తుల్లో రాతిపొడి. వాడు ఎగ్జిబిషన్ ఆటల్లో పడితేనే ఇంట్లో పొయ్యి మండేది. మన్ను పెట్టిన వీపును పడేదానికి అమ్ముకోకూడదు, అది మా గురువు పెట్టిన కట్టు. నేను వాడికి మన్ను పెడితే పొయ్యిలో నీళ్ళు పోసినట్టే గదా. వాళ్ళ నాయన పొయ్యినాక పెడదామనుకుంటి. అప్పుటికి సుదర్శన్‌కు పడేవాడు వీడొక్కడే. నేనూ ఊరుకుండిపోతి."

నేను అడిగాను: "మరి ఇప్పుడు ఏం చెప్పమంటావు వస్తాదూ?" ఆయన ఆవు మెడ నిమురుతూ, "ఏం చెప్పేదుండాది? వాడిష్టం" అన్నాడు.

ఇంకొక్కటి. ఆ రోజు చెక్కబల్లల మీద పరుపులు వేస్తామన్నాడు సుదర్శన్. వస్తాదు ఒప్పుకోలేదు. చివరి ఆట కదా, గరిడీ మన్ను తెచ్చి పొయ్యాలన్నాడు. బండ్లతో తోలుతారంట.

నా మీద కోపం ఉంటే ఉండనీ. ఉత్తరం మాత్రం ఆపకు.

ప్రకాషన్న


కుప్పం
2-12-2001

ప్రకాషన్నకు,

ఇన్నాళ్ళు రాయలేదు. రాసినవి చించేశాను. ఆదివారం బస్సుకు వస్తాండాను. ఏం చేస్తానో అడగొద్దు. నాకే తెలియదు.

మునిరాజు


మదనపల్లె
12-12-2001

తమ్ముడూ,

బెల్టు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది. అమ్మ దాని ఇత్తడి బిళ్ళను చింతపండుతో తోమింది. నాకు దాన్ని చూడబుద్ధి కావడం లేదు.

నువ్వు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయావు. స్నానం కూడా చెయ్యలేదంట. సుదర్శన్ నీ సంచి పట్టుకుని టెంటు చుట్టూ తిరిగాడు. నాకు తెలిసింది సగమే, మిగతా సగం నీ దగ్గర ఉంది. నేను చూసింది రాస్తాను, చూడంది నువ్వు రాయి.

అంతా అనుకున్నట్టే నడిచింది. జనం చెట్లెక్కి చూశారు. నిన్ను తిట్టారు, నేను నిన్ను కొట్టాను, వస్తాదు ఇద్దర్నీ నెట్టాడు. ఆయన తాళ్ళ అవతలికి జారాల్సిన సమయం వచ్చింది. అప్పుడు నువ్వు ఆయన్ని నడుం దగ్గర పట్టుకున్నావు. నొక్కడానికి సందివ్వలేదు. ఎత్తేశావు. పుంగనూరు పొట్టెద్దు నీ భుజం మీద, కాళ్ళు గాల్లో. మైకులో అరుస్తున్న సుదర్శన్ నోరు మూతపడింది. ముందు వరసలో శ్రీరాములు కుర్చీలోంచి లేచాడు. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను. నిన్ను తాకితే నువ్వు వదిలేస్తావేమో, ఆయన తలకిందులుగా పడతాడేమో అని భయం.

ఎంతసేపో తెలియదు, నువ్వు అట్లనే నిలబడ్డావు. ఆ తర్వాత నీళ్ళకుండ దించినట్టు ఆయన్ని దించావు. కాళ్ళ మీద. ఆయన నీ మొహం చూసి, తనంతట తనే తాళ్ళ అవతలికి పోయి కూర్చున్నాడు. నువ్వు నా దగ్గరికి వచ్చి నా మణికట్టు నొక్కావు. రెండుసార్లు. నేను నమ్మలేదు. "ఎత్తన్నా, జనం సూస్తాండారు" అన్నావు.

నిన్ను వేశాను. నువ్వు పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఎప్పుడూ అంత బాగా పడలేదు నువ్వు.

బెల్టు నడుముకు కట్టేసరికి నువ్వు లేవు. వస్తాదు గుప్పెడు మన్ను తీసుకుని బస్టాండు వైపు పోవడం చూశానని ఒక పిల్లోడు చెప్పాడు. ఆయన చాలాసేపటికి తిరిగి వచ్చాడు. ఏమైందని అడిగితే, "టీ తాగుదాం పా" అన్నాడు. శ్రీరాములు తాళం మాట ఎత్తకుండా ఇంటికి పోయాడు.

భుజం మీద ఉన్నప్పుడు ఏం జరిగింది? బస్టాండులో ఏం జరిగింది?

ప్రకాషన్న


కుప్పం
23-12-2001

ప్రకాషన్నకు మునిరాజు రాసేది.

రాస్తాను. ఎక్కువ చేసి రాయను.

నొక్కకుండానే ఎత్తాను. అంటే కసాయివాణ్ణే అయ్యాను, అది ముందు ఒప్పుకోవాలి. ఆయన బరువు నాకు తెలుసు, ఎన్నిసార్లు ఎత్తలేదు. ఆ రోజు తేలిగ్గా ఉన్నాడు. భుజం మీదికి వచ్చేసరికి ఆయనకు తెలిసిపోయింది, ఇది ఆట కాదని. గింజుకుంటాడనుకున్నాను. గింజుకుంటే వేసేసేవాణ్ణి అన్నా, నిజం చెబుతున్నాను. చేతులు దానికి సిద్ధంగా ఉన్నాయి.

ఆయన గింజుకోలేదు. చెయ్యి కిందికి జార్చి, వెతుక్కుని, నా మణికట్టు పట్టుకున్నాడు. నొక్కాడు. రెండుసార్లు. ఆ తర్వాత చెవిలో, "ఎయ్యిరా. నేను నేర్పిందే గదా" అన్నాడు.

ఆ మాట మీద ఆగిపోయాను. ఐదేళ్ళు నేను ఏ మాట కోసం కాచుకున్నానో ఆ మాట. శిష్యుడివి అని చెప్పినట్టే. చెప్పి, గరిడీని కూడా నా చేతిలో పెట్టాడు, కావాలంటే విసిరెయ్యమని. నేను దాన్ని లాక్కుందామని పోయాను. ఇచ్చేశాక ఇంక లాక్కునేదేముంది? దించేశాను.

నీ దగ్గరికి వచ్చి పడ్డాను కదా. సుదర్శన్ చెప్పాడని పడలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పకుండా పడింది అదొక్కసారే. అందుకే నీకు బాగా పడినట్టు అనిపించిందేమో.

పొయ్యిలో నీళ్ళు పొయ్యకూడదని మన్ను పెట్టలేదన్నాడే, దాని గురించి చాలా ఆలోచించాను. మా నాయన పోయి రెండేళ్ళయింది. అది దయా, లేక పడేవాడొకడు కావాలి కాబట్టి ఊరుకున్నాడా? రెండూ ఒకే దబరలో కాగినట్టున్నాయి. విడదియ్యలేను. ఆయన కూడా విడదియ్యలేడు. కోపం పోలేదు. కానీ ఆయన మీద ఉన్నదీ, కట్టుబాటు మీద ఉన్నదీ ఇప్పుడు వేరువేరుగా కనిపిస్తున్నాయి.

బస్టాండు సంగతి. టెంటు వెనక కొళాయి ఉంది, కడుక్కోబుద్ధి కాలేదు. చొక్కా భుజాన వేసుకుని పలమనేరు బస్సు దగ్గరికి పోయాను. వస్తాదు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒగరుస్తున్నాడు. గుప్పిట మూసుకుని ఉంది, వేళ్ళ సందుల్లోంచి ఎర్రమన్ను కారుతోంది. టికెట్లు కొట్టే కండక్టరు, టమోటా బుట్టల ఆడవాళ్ళు, అందరూ చూస్తున్నారు.

"తిరుగు" అన్నాడు.

తిరిగాను. ఆయన చెయ్యి ఎత్తినట్టుంది, కానీ తగల్లేదు. భుజాల నుంచి నడుం దాకా నా వీపంతా గరిడీ మన్నే. నువ్వు వేసినప్పుడు అంటింది. చెమటకు మెత్తుకుపోయి ఉంది.

"యాడ పెడతావప్పా?" అన్నాను. "ఖాళీ లేదు."

ఏడుస్తున్నాడేమోనని తిరిగి చూశాను. నవ్వుతున్నాడు. బస్సులో కూర్చున్న అవ్వ ఒకామె, "ఏమప్పా, పిల్లోణ్ణి ఇట్ల బురదలో దొర్లించినారు, కడిగేవాళ్ళు లేరా?" అని ఆయన్ని తిట్టింది. "కడగొద్దంటాండాడు తల్లీ" అన్నాడు వస్తాదు.

బస్సు కదిలింది. మెట్టు మీద నిలబడి అడిగాను: "వస్తాదూ, ఇప్పుడు ముగ్గురి వీపుకూ మన్నుండాది. రేపు కుప్పంలో ఆడమంటే ఎవురు పడేది?"

ఆయన బస్సు పక్కనే నడుస్తూ ఆలోచించాడు. ఆ గుప్పెడు మన్ను ఇంకా పట్టుకునే ఉన్నాడు. బస్సు జోరందుకుంటుంటే అరిచాడు: "వంతులేసుకోండిరా! మా గురువుకు నేను చెప్పుకుంటాలే!"

పలమనేరు దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మన్ను ఆరి వీపు చర్మం లాగుతుంటే, మీ అమ్మ నిన్ను గుడి మెట్ల మీద నిలబెట్టడం గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నువ్వు అప్పుడే రాయాల్సింది అన్నా. కోపం వచ్చేది, చించేసేవాణ్ణి, మళ్ళీ అతికించుకుని చదివేవాణ్ణి.

సుదర్శన్ ఫిబ్రవరిలో కుప్పం అంటున్నాడు. మొదటి వంతు నీది. నీకు గెలవడం తప్ప ఏమీ రాదు, పడడం నీకు ఎవరూ నేర్పలేదు. మెడ లోపలికి ముడవాలి, ఊపిరి వదిలెయ్యాలి, నేలను ముందు అరచేత్తో కొట్టాలి. భయం వేస్తుంది, అందరికీ వేస్తుంది. శనివారం పుంగనూరు రా, గరిడీలో నేర్పిస్తాను. పాత చొక్కా వేసుకుని రా.

నువ్వు నొక్కకుండా ఎత్తనులే.

తమ్ముడు
మునిరాజు